బొమ్మ చెడకుండా

ఆ ఏడు వానలు మా అటక మీంచి మొదలయ్యాయి. పైకప్పు పగులులోంచి నీళ్ళు కారి పాత సామాన్ల మీద పడుతున్నాయని అమ్మ గోల పెడితే, నిచ్చెన వేసుకుని పైకెక్కాను. సామాన్లన్నిటి మీదా అన్నయ్య కెమెరా సంచీ ఉంది. మూడున్నరేళ్ళుగా దాన్ని ఎవరమూ ముట్టుకోలేదు. ఎవరైనా వద్దన్నారని కాదు, అటక ఎక్కాల్సిన పని వచ్చినప్పుడల్లా అందరికీ ఇంకేదో పని గుర్తొచ్చేది.

సంచీ దింపి, కెమెరా మూత తెరిస్తే లోపల ఒక చిన్న క్యాసెట్ ఉంది. అంచుల వెంబడి తెల్లటి బూజు. లేబుల్ మీద అన్నయ్య దస్తూరీలో ఒకటే మాట: ఇల్లు.

"అది ఇంకా ఉందా?" అంది వదిన నిచ్చెన కింది నుంచి. తడిచేతులు బట్టలకి తుడుచుకుని క్యాసెట్‌ని రెండు చేతులతో అందుకుంది.

మా ఇంటి ముందుగదే మా దుకాణం. పెళ్ళిళ్ళకీ పుట్టినరోజులకీ వెళ్ళి వీడియో తీసేది అన్నయ్య, దాన్ని కోసి అతికి డిస్కు చేసేది నేను. ఒకరోజు పని మాట్లాడుకుని తిరిగొస్తూ అన్నయ్య బండి ప్రమాదంలో పోయాడు. అప్పటికి వదినకి ఏడో నెల. ఆ తర్వాత రెండు నెలలకి పాప పుట్టింది. నేను దుకాణం మానలేదు. బయటికెళ్ళి తీసే పని మానేసి, జనం ఇళ్ళల్లో మూలపడున్న పాత టేపుల్ని డీవీడీలుగా మార్చే పని పెట్టుకున్నాను. ఆ పనిలో నాకు పేరుంది. గొప్పకి చెప్పడం కాదు, ఊళ్ళో మిగతా ఇద్దరూ ఇచ్చే డిస్కులు చూస్తే మంచులోంచి చూసినట్టుంటుంది.

ఆ వానలు తగ్గాక వదిన మళ్ళీ పెళ్ళి చేసుకుని వేరే ఊరు వెళ్ళబోతోంది. సంబంధం తెచ్చింది మా అమ్మే. పక్క ఊళ్ళో మందుల షాపాయన. ఆయన మీద ఏదో ఒక వంక పెడదామని నేను చాలా కష్టపడ్డాను, దొరకలేదు. వచ్చినప్పుడల్లా చెప్పులు వరసగా విప్పి, పాప ఎత్తుకి వంగి మాట్లాడేవాడు. అమ్మకి ఏ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో కాగితం మీద రాసిచ్చాడు. నాకు ఒళ్ళు మండిపోయేది.

క్యాసెట్ దొరికిన మర్నాడు వదిన దుకాణంలోకి వచ్చి నా ఎదుటి కుర్చీలో, కస్టమర్లు కూర్చునే కుర్చీలో, కూర్చుంది.

"చిన్నా, దీన్ని డీవీడీ చేసిపెడతావా? బొమ్మ చెడకూడదు."

"బూజు పట్టింది వదినా. చూడాలి."

"చూడాలి కాదు, చెయ్యాలి. అందులో మీ అన్నయ్య ఉన్నాడు. ఫొటో చూపిస్తే పాప 'ఈ అంకులెవరు' అంటోంది. అది ఇంకొకాయన్ని నాన్నా అని పిలవడం మొదలుపెట్టేలోగా దానికి ఆయన తెలియాలి. ఒక్కసారైనా."

"అప్పుడెందుకు చూసుకోలేదు మీరు?"

"తీసిన వారానికే కదా..." అని ఆగిపోయింది. "నువ్వు చెయ్యి. నీకు చేతనవుతుంది."

ఆ ఒక్క మాటకి నేను ఏనుగెక్కినంత సంబరపడ్డాను.

బూజు టేపుతో తొందరపడితే మొదటికే మోసం వస్తుంది. చెప్పుల పెట్టెల్లో వచ్చే తేమ పీల్చే పొట్లాలు ఇంటింటా అడిగి పోగుచేశాను. ఒక రేకు డబ్బాలో వాటి మధ్య క్యాసెట్‌ని పదిరోజులు ఉంచాను. తర్వాత చక్రాన్ని పెన్సిలుతో తిప్పుతూ, టేపుని జానెడు జానెడే బయటికి లాగి, మెత్తటి తోలుముక్కతో తుడిచాను. అదొక రెండు రోజులు. మెడ పట్టేసింది. అమ్మ వచ్చి, "పసిపిల్లకి నలుగు పెడుతున్నట్టు పెడుతున్నావురా దానికి," అని నవ్వింది.

ఇలాంటి టేపు ఒక్కసారే సరిగ్గా ఆడుతుంది. చూసుకుందామని ఒకసారి, ఎక్కిద్దామని ఒకసారి అంటే కుదరదు. ఆడుతున్నప్పుడే దాని మీది పూత పొడిలా రాలిపోతూ ఉంటుంది. అందుకని మంచి వైర్లు వేసి, టేపు ఆడించే డెక్కు లోపల దాన్ని చదివే హెడ్లు స్పిరిటుతో కడిగి, మొదటి ఆటలోనే మొత్తం కంప్యూటర్లోకి తీసుకున్నాను. ఇరవై మూడు నిమిషాలు. ఆ కాసేపూ నా కళ్ళు తెరమీద గీతలు పడతాయేమోనని చూస్తున్నాయి తప్ప అందులో ఏముందో చూడలేదు. పడలేదు. బొమ్మ దిగింది. డెక్కు విప్పితే హెడ్ల మీద గోధుమరంగు పొడి పేరుకుని ఉంది. దిగిందిలే, ఇక టేపు ఉంటే ఎంత, పోతే ఎంత అనుకున్నాను.

ఆ తర్వాత బొమ్మ చూశాను. వదిన ఉంది. పెరట్లో బట్టలు ఆరేస్తూ, మంచం మీద కూర్చుని కాళ్ళు ఊపుతూ, అద్దం ముందు తల దువ్వుకుంటూ, ఏడో నెల పొట్టతో. ఇరవై మూడు నిమిషాలూ వదినే. అన్నయ్య ఎక్కడ? రెండుసార్లు వెతికితే దొరికాడు. తల దువ్వుకునే అద్దంలో, వదిన భుజం వెనక, మూడు క్షణాలు. సగం మొహం కెమెరా కప్పేసింది, మిగతా సగం మీద కిటికీ వెలుతురు కొట్టి తెల్లగా పోయింది. ఒక చెవి, కొంచెం గడ్డం.

వదిన చెప్పింది ఇదే అనుకున్నాను. నాలుగు రోజులు ఆ మూడు క్షణాల మీద కూర్చున్నాను. వెలుతురు తగ్గించి, చెంప తెచ్చి, కంటి కొస తెచ్చి, ఒక్కో బొమ్మా విడివిడిగా దిద్దాను. అన్నయ్య చెయ్యి వణికినచోటల్లా బొమ్మని నిలబెట్టాను. నాలుగో రోజుకి ఆ అద్దంలోంచి మా అన్నయ్య నన్ను చూశాడు. మెషీన్ కట్టేసి పెరట్లోకి పోయి వానలో నిలబడ్డాను.

శబ్దం పని బొమ్మ కంటే ముందే అయిపోయింది. అది నాకు పని కూడా కాదు, చేతి అలవాటు. మాటలు లేని చోట రెండు క్షణాల శబ్దం కోసి కంప్యూటర్‌కి చూపించి, ఇలాంటిది ఎక్కడున్నా తుడిచెయ్యి అంటే తుడిచేస్తుంది. మిగిలిన చప్పుళ్ళు, కెమెరా దగ్గర్నుంచి వచ్చేవి, దగ్గైనా మాటైనా, తెరమీద శబ్దం గీసే గీతలు చూసి ఏరేస్తాను. చెవులతో పనిలేదు. ఆ ఖాళీల్లోకి సన్నటి సంగీతం పోస్తాను. బొమ్మ దిద్దేటప్పుడు శబ్దం కట్టేసుకుంటాను. పన్నెండేళ్ళుగా ఇంతే.

డిస్కు నెమ్మది వేగంలో ఎక్కించి, వేరే వాళ్ళ టేపులకి చోటు చాలక కంప్యూటర్లో ఉన్న, దిద్దని మొదటి నకలు చెరిపేశాను. పని అయ్యాక చెరిపెయ్యడం కూడా అలవాటే.

ఆ ఆదివారం మధ్యాహ్నం ముందుగదిలో టీవీ పెట్టి అందర్నీ కూర్చోబెట్టాను. బయట ముసురు. అమ్మ కళ్ళజోడు తుడుచుకుని సిద్ధంగా ఉంది. పాప వదిన ఒళ్ళో ఉంది. దానికి మంచి గౌను వేసింది వదిన, ఎవరో ఇంటికి వస్తున్నట్టు.

బొమ్మ రాగానే అమ్మ, "ఎంత బావుందిరా, నిన్న తీసినట్టుంది," అంది. ఆగలేక నేను నేరుగా అద్దం దగ్గరికి జరిపాను. అన్నయ్య వచ్చాడు. నేను అక్కడ ఆపి ఉంచాను. అమ్మ లేచి వెళ్ళి టీవీ అద్దం మీద వేలు పెట్టి, "వీడే, నా తండ్రి, వీడే," అని ఏడ్చింది. పాప చూసింది. వదిన పాప తల నిమిరింది. నేను వదిన మొహంలోకి చూస్తున్నాను, మెచ్చుకుంటుందని.

తర్వాత మొదట్నుంచి నడిపించాను.

తెరమీద వదిన బట్టలు ఆరేస్తూ, "ఏంటీ, పొద్దున్నే ఇదొకటా?" అంటోంది. ఆగింది. సంగీతం. "నన్నెందుకు తీస్తారు, పొట్ట తప్ప ఏమీ కనబడదు." ఆగింది. తల వంచి నవ్వింది. తర్వాత మంచం మీద కూర్చుని, "పేరేం పెడదాం?" అంది. సంగీతం. "ఊఁ అంటే కాదు, సరిగ్గా చెప్పండి." మళ్ళీ సంగీతం. దేనికో సిగ్గుపడి మొహం పక్కకి తిప్పుకుంది.

"అమ్మ ఎవరితో మాట్లాడుతోంది?" అంది పాప.



"అమ్మ ఒక్కతే మాట్లాడుతోంది," అని అదే జవాబు చెప్పుకుంది.

వదిన చివరిదాకా చూసింది. అయ్యాక లేచి, "చాలా బాగా చేశావు చిన్నా," అని లోపలికి వెళ్ళిపోయింది. అమ్మకి అద్దం ముక్క మళ్ళీ కావాలంటే మళ్ళీ వేశాను. ఏదో జరిగిందని తెలుస్తోంది, ఏం జరిగిందో తెలిసినా తెలియనట్టు కూర్చున్నాను.

సాయంత్రం వంటింటి గుమ్మంలో నిలబడ్డాను. వదిన గిన్నెలు తోముతోంది.

"తీసేశావా?" అంది, నా వైపు తిరక్కుండానే.

"ఏంటి వదినా?"

"ఆయన్ని."



"మీ అన్నయ్య మాట్లాడేవాడు కాదుగా పెద్దగా. ఊఁ అనేవాడు. ముక్కుతో నవ్వేవాడు. ఊపిరి తీసేవాడు, గట్టిగా, నీకు తెలుసుగా. ఆ కెమెరా చెంపకి ఆనించుకుంటే అదంతా అందులో పడేది. ఆ పొద్దున అంతా అలాగే ఊఁ ఊఁ అంటూ నా వెనకే తిరిగాడు. అందులో ఉన్నాడని అందుకే చెప్పాను నీకు."

"మీరు... అద్దంలో అనుకున్నాను."

"అద్దమా?" అని ఇటు తిరిగింది. తిడితే బావుండేది. "అద్దంలో ఉన్నాడని నాకు ఇవాళే తెలిసింది. ఏమనుకోకు. నువ్వు మంచికే చేశావు."

ఆ చివరి మాట ఇప్పటికీ నన్ను వదలదు.

అన్నయ్య బతికున్నన్నాళ్ళూ వాడి ఊపిరి మీద నేను పోట్లాడాను. బండగా ఊపిరి తీస్తావు, పెళ్ళికూతురి చెవి దగ్గర దున్నపోతు నిలబడినట్టుంటుంది అనేవాణ్ణి. వాడు నవ్వేవాడు. ప్రతి టేపులోంచీ వాణ్ణి ఏరేసేవాణ్ణి. కంప్యూటర్‌కి నేను చూపించిన ఆ రెండు క్షణాల ముక్క ఏంటో ఆ రాత్రి తెలిసింది. మాటల్లేని చోట వినబడేది ఏముంటుంది? వాడి ఊపిరే. ఇదిగో ఇదే చెత్త, ఎక్కడున్నా తుడిచెయ్యి అని చెప్పాను.

తర్వాతి రెండు వారాలు పిచ్చి పట్టినట్టు తిరిగాను. మా బీరువాలో వాడు తీసిన పనులవి నూట పదహారు డిస్కులు. హెడ్‌ఫోన్లు పెట్టుకుని అన్నీ విన్నాను. పెళ్ళిళ్ళు, పుట్టినరోజులు, గృహప్రవేశాలు, అన్నీ శుభ్రంగా, నిండా సంగీతంతో. ఎక్కడా వాడు లేడు. టేపులేమో ఒకదాని మీదే పదిసార్లు తీసి అరగదీసినవి. కస్టమర్లకి ఫోన్లు చేశాను. వాళ్ళ దగ్గరున్నవీ నేనిచ్చిన డిస్కులే. ఒక టైలరమ్మ మాత్రం నన్ను కూర్చోబెట్టి కూతురి పెళ్ళి మొత్తం మళ్ళీ చూపించింది. "మీ అన్నయ్య ఎంత నెమ్మదస్తుడు బాబూ, ఇంట్లో ఉన్నట్టే తెలిసేది కాదు," అంది. తలూపి లేచి వచ్చేశాను.

ఇంట్లో కూడా ఊపిరి వినబడటం మొదలైంది. పాప నిద్రపోతుంటే ఆగి వినేవాణ్ణి. చూరు కింద వాన ఆగాక గొట్టంలో నీళ్ళు గురగురమంటే వెనక్కి తిరిగి చూసేవాణ్ణి. దుకాణంలో పనిచేస్తుంటే నా కుడిభుజం వెనక, వాడు నిలబడి తెర చూసే చోట, ఎవరో ఉన్నట్టే ఉండేది. భయం కాదు. మొహం చెల్లక తిరగలేకపోయేవాణ్ణి.

చివరికి క్యాసెట్ పట్టుకుని డెక్కులు బాగుచేసే తాత దగ్గరికి వెళ్ళాను. ఆయన టేపుని వెలుతురుకి పెట్టి చాలాసేపు చూశాడు.

"పూత సగం నీ హెడ్ల మీదే వదిలేసిందిరా అబ్బాయ్. ఇంకొక్కసారి ఆడుతుందేమో. తెగినా తెగొచ్చు."

"బొమ్మ వస్తుందా?"

"బొమ్మ రాదు. దానికి పూత బావుండాలి. శబ్దం వేరే. అది టేపు అంచున సన్నగా పోతుంది, దాని హెడ్డు వేరు. అది రావచ్చు."

"తెగితే?"

"తెగితే అతుకుదాం అనకు. ఇది అతుక్కోదు. పొడి."

ఇంటికొచ్చి వదినకి ఉన్నదున్నట్టు చెప్పాను. ఈసారి మెరుగులేం దిద్దలేదు. టేపు అలాగే ఉంచేస్తే, ఎప్పుడో ఏదో కొత్త మెషీన్ రావచ్చు, ఇంకా బాగా తియ్యొచ్చు అని కూడా చెప్పాను. నా నోటినుంచి 'ఇంకా బాగా' అన్న మాట రాగానే నాకే అసహ్యం వేసింది.

"గురువారం వెళ్తున్నాను చిన్నా," అంది వదిన. "ఎప్పుడో ఏదో వచ్చేసరికి పాప పెద్దదైపోతుంది. వెయ్యి."

"బొమ్మ రాదు వదినా."

"బొమ్మతో నాకేం పని? నా మొహం నాకు తెలీదా?"

మంగళవారం ఉదయం వేశాం. వాన వెలిసి ఎండ కాసింది. ఫ్యాను ఆపాను. గోడగడియారం దింపి అమ్మ మంచం మీద బట్టల కింద పెట్టాను. కంప్యూటర్లోకి శబ్దం ఎక్కుతోందో లేదో మూడుసార్లు చూసుకున్నాను. ఏ మీటా ముట్టుకోకూడదని చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను.

తెరమీద బూడిదరంగు చుక్కలు. హోరు. ఆ హోరులోంచి బకెట్ చప్పుడు, తడిబట్ట దులిపిన చప్పుడు.

"ఏంటీ, పొద్దున్నే ఇదొకటా?"

"ఊఁ."

అమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. వదిన కదల్లేదు.

"నన్నెందుకు తీస్తారు, పొట్ట తప్ప ఏమీ కనబడదు."

ముక్కుతో నవ్వాడు. ఆ తర్వాత ఊపిరి. లోపలికి, బయటికి. గదిలో మాతో పాటు ఇంకో మనిషి కూర్చున్నంత దగ్గరగా.

"ఎవరు?" అంది పాప.

"నాన్న," అంది వదిన.

"ఎక్కడ?"

"వినూ."

పాప ఒళ్ళోంచి దిగి వెళ్ళి స్పీకరుకి చెవి ఆనించి నిలబడింది. అలా చాలాసేపు నిలబడింది. కొంతసేపటికి అది కూడా వాడితో పాటు ఊపిరి తీస్తోందని గమనించాను. వాడు తీస్తే తీస్తోంది, వదిలితే వదులుతోంది.

మధ్యలో అక్కడక్కడా ఊపిరి ఆగిపోతోంది. నాలుగు క్షణాలు, ఐదు క్షణాలు, ఏమీ లేదు. తర్వాత ఒక్కసారిగా వదులుతున్నాడు. వదిన నా వైపు చూసింది, టేపు పోతోందా అన్నట్టు.

"టేపు కాదు," అన్నాను. "వాడే బిగపడుతున్నాడు. నేనే చెప్పాను వదినా. దగ్గరికి తీసేటప్పుడు ఊపిరి బిగపట్టు, లేకపోతే నాకు పని పెరుగుతుంది అని. ఇంట్లో తీసుకునేదానికి కూడా బిగపట్టాడు."

అమ్మ నా వీపు మీద చెయ్యి వేసింది. అప్పటిదాకా నేను ఏడుస్తున్నానని నాకు తెలియదు.

పాప కూడా బిగపట్టడం నేర్చుకుంది. వాడు ఆపగానే బుగ్గలు బూరెల్లా పొంగించి, కళ్ళు పెద్దవి చేసి మా వైపు చూసేది. వాడు వదలగానే ఫూ అని వదిలి నవ్వేది. దానికది ఆట. వదిన మొదట నవ్వలేదు. మూడోసారి తనకి నవ్వాగలేదు, నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

"పేరేం పెడదాం?"

"ఊఁ."

"ఊఁ అంటే కాదు, సరిగ్గా చెప్పండి."

చిన్న దగ్గు. తర్వాత అన్నయ్య, మూడున్నరేళ్ళ తర్వాత, మాట్లాడాడు. "ఆడపిల్లైతే నువ్వు పెట్టు. మగపిల్లాడైతే కూడా నువ్వే పెట్టు."

ఎప్పుడూ అంతే వాడు.

దువ్వెన చప్పుడు మొదలైంది. అద్దం ముందుకు వచ్చారని తెలిసింది నాకు. ఇప్పుడు దగ్గరికి వెళ్తాడు, అనుకున్నాను. అనుకున్నట్టే ఊపిరి తీసుకుని బిగపట్టాడు. పాప బుగ్గలు పొంగించింది. డెక్కులో సన్నగా టప్పుమంది. చక్రం ఒకటే తిరుగుతోంది, హోరు కూడా ఆగిపోయింది. పంతొమ్మిది నిమిషాలు ఎక్కింది. మిగతాది లేదు.

పాప స్పీకరు దగ్గరే నిలబడి ఉంది, బుగ్గలు నిండుగా, మొహం ఎర్రబడుతూ, నాన్న ఎప్పుడు వదులుతాడా అని మా ముగ్గురి మొహాలూ మార్చి మార్చి చూస్తోంది.

వదిన లేవబోయింది. మళ్ళీ కూర్చుంది. అమ్మ తల దించుకుంది.

నేను వెళ్ళి దాని ముందు మోకాళ్ళ మీద కూర్చుని, "అయిపోయింది తల్లీ, వదిలెయ్," అన్నాను.

అది తల అడ్డంగా ఊపింది. ఇంకాసేపు ఆగింది. తర్వాత ఇక పట్టలేక, నా మొహం మీదే వదిలేసింది.